దిష్టి తీసిన నిమ్మకాయ

బ్రూస్‌పేట బట్టలంగడి వాళ్లింట్లో పంపమ్మ చూడకుండా బాలింత నోట్లోకి మెతుకు పోదు. వంటింటి తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటుంది, పత్యం అన్నం ఆమే కలిపి ముద్దలు పెడుతుంది. కోడలు రాజలక్ష్మికి చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది, రోజూ నిమ్మరసమో బత్తాయో ఇస్తే తగ్గుతుందని డాక్టరు చెప్పినందుకు, "బాలింతకు పులుపా? పాలు తాగే బిడ్డకు పడిశం పట్టిందంటే నువ్వొస్తావా డాక్టరప్పా?" అని ఆయన మెట్లు దిగేదాకా అరిచింది.

ఆ శుక్రవారం సందెవేళ తల్లీబిడ్డలకు నిమ్మకాయతో దిష్టి తీసి, కోసి, కుంకుమ అద్ది, గడపకు అటొక చెక్క, ఇటొక చెక్క పెట్టింది. దేవుడి ముందు దీపం ముట్టించి వచ్చేసరికి ఒక చెక్క లేదు. లోపలి గదిలో రాజలక్ష్మి గోడవైపు తిరిగి కూర్చొని ఉంది. పెదాలు, గడ్డం ఎర్రగా ఉన్నాయి. నెత్తురేమోనని పంపమ్మ గబగబా కొంగుతో తుడిచింది. నెత్తురు కాదు, కుంకుమ.

"నోరంతా మండుతాండాది. తట్టుకోలేక తింటి అత్తా," అంది రాజలక్ష్మి, పిప్పిని గుప్పిట్లో దాచుకుంటూ.

దిష్టి తీసిన కాయను తొక్కితేనే కీడు. మరి తింటే? పంపమ్మ నడుముకున్న తాళంచెవి తీసింది. వంటింట్లోకి పోయి ఇంకో నిమ్మకాయ తెచ్చింది. చేయి అలవాటుగా కోడలి తల చుట్టూ తిరగబోయి, సగంలో ఆగిపోయింది. కాయను కోసి గ్లాసులోకి పిండింది.

"తాగు," అంది. "బిడ్డకు పడిశం పడితే ఆ డాక్టరప్పను నేనే పోయి పిల్చుకొస్తా."