సుబ్బయ్యగారి మామిడాకుల కషాయం

ఎనభైల్లో నేను నూజివీడులో బీఎస్సీ చదివేదాన్ని. ఓ రోజు పంటినొప్పికి పుక్కిలించాలని ల్యాబ్ అటెండర్ సుబ్బయ్యగారు బీకరులో లేత మామిడాకులు మరగబెట్టుకున్నారు. అవి పారబోసే నీళ్లనుకుని, నా దగ్గర మిగిలిన సిల్వర్ నైట్రేట్ అందులో ఒంపేశాను. కాసేపటికి ఆయన బీకరు నోటిదాకా తెచ్చి ఆగారు.

"ఏంటమ్మాయ్, ఇందాక పసుప్పచ్చగా ఉంది, ఇప్పుడు కాఫీలా అయిందేంటి?"

"నోట్లో పోసుకోకండి బాబాయ్! నేను అందులో సిల్వర్ నైట్రేట్ పోశాను, అది విషం!" అని అరిచి, బీకరు లాక్కుని సింకులో పారబోశాను.

మొన్న పరిశోధన చేస్తున్న మా అమ్మాయి, మామిడాకుల కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపి తను తయారుచేసిన వెండి నానో కణాలు చూపించింది. అదే కాఫీ రంగు! నా కథ విని, "పారబోశావా అమ్మా! ఆకులతో ఇలా చేయొచ్చని అప్పటికింకా ఎవరూ కనిపెట్టలేదు!" అని తల పట్టుకుంది.

మళ్లీ ఆ రోజొచ్చినా పారబోస్తాను. ఆ బీకరు అంచున సుబ్బయ్యగారి నోరుంది మరి.