మగ్గం గుంతలో పందికొక్కు

నా మగ్గం మీద చెయ్యేసి చెప్తాండా, ఇందులో ప్రతి మాటా నిజం. నమ్మనివాళ్లు ధర్మవరం వచ్చి మా వీధిలో ఎవరినైనా అడగండి. నా పేరు మాత్రం ఎత్తొద్దు, ఎత్తితే ఎవరూ నమ్మరు.

ఈ ఏడు కూడా వాన మోసం చేసింది. చేన్లలో తినడానికి ఏమీ లేక పందికొక్కులు ఊరిమీద పడ్డాయి. మా పెరట్లోకి వచ్చింది గొర్రెపిల్లంత ఉండాది. వంకాయ మొక్కల వేర్లు కొరికేసింది, టమాటా మడి దున్నేసింది. బొక్కలో గాజుపెంకులు కూరితే బయటికి నెట్టి పక్కనే కుప్ప పోసింది. మిరపకాయల పొగ పెడితే మేమే దగ్గినాం. పిల్లిని తెస్తే అది దీన్ని చూసి అటకెక్కి కూచునింది.

నా భార్యది ఒకటే పాట.

"ముందు మగ్గం పక్కనున్న విత్తనం చెనిక్కాయల మూట తీసి యాడన్నా పెట్టరాదా. ఆ వాసనకే వస్తాండాది."

"ఇంట్లో చెమ్మలేని చోటు అదొక్కటే. యాడ పెట్టాల, నీ నెత్తినా?"

"నా నెత్తిన నువ్వుండావు కదా, ఇంక జాగా లేదు."

మగ్గం మీద షావుకారు ఇచ్చిన పట్టు పడుగు ఉండాది. పెండ్లికూతురి చీరకు పొడుగునా సాగే దారాలు అవి. ముహూర్తం దగ్గర పడింది. వాటికి పందికొక్కు మూతి తగిలితే నా పని అయిపోయినట్టే.

అందుకే ఒక పొద్దున సిమెంటు కలిపి, కంకర కూరి, వెనక గోడ కింది బొక్క పూడ్చేసినాను. గెలిచినట్టే అనుకొని టీ తాగడానికి పోయినాను. అది బయట ఉండాదా, లోపల ఉండాదా అని చూసుకోలేదు.

లోపలే ఉండాది. దారి మూసుకుపోయేసరికి నేల తొలుచుకుంటా వచ్చి, మేము కాళ్లు పెట్టి మగ్గం తొక్కే గుంతలో తేలింది. నేను తిరిగొచ్చి చూస్తే గుంతలో కూచుని తొక్కుడు చెక్క తొక్కుతాండాది. పైన పడుగు సగం తెగి వేలాడుతాండాది.

షావుకారు దగ్గరికి పోయి ఇదే చెప్పినాను.

"అన్నా, అది నాకన్నా బాగా నేస్తాండాది."

నవ్వితే గడువు అడగొచ్చని నా ఆశ. ఆయన నవ్వలేదు.

"ముహూర్తం మారదప్పా. చీర ఎప్పుడిస్తావు, అది చెప్పు."

ఇప్పుడు తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతాండాం. వెంట్రుకకన్నా సన్నం. అటు నా భార్య, ఇటు నేను. మూట ఊసు ఆమె ఎత్తడం లేదు. ఎత్తితే బాగుండు, నేనూ ఒక మాట అనేవాణ్ణి.

తొక్కుడు చెక్క సంగతి మాత్రం నేను కల్పించినాను. నేను వచ్చేసరికి గుంత ఖాళీ, తోక కూడా కనపడలేదు. మిగతాదంతా జరిగిందే. అది ఇంకా ఈ ఇంట్లోనే యాడో ఉండాది. బయటికి పోయే దారి నేనే మూసినాను కదా.