సుధాకర్ సార్‌కు వచ్చింది జ్వరం కాదు

నిన్న ఉదయం పదకొండు గంటలకు ఒక జూనియర్ వకీలు చేత కోర్టులో "సుధాకర్ సార్‌కు జ్వరం, వాయిదా ఇప్పించండి" అని చెప్పించి వరండాలోకి వచ్చాను.

ఫోన్ మోగింది. సార్ భార్య.

"మల్లేశన్నా, సార్ పోయిండు."

లోపల కోర్టు రికార్డులో ఆయనకు జ్వరం. బయట ఆయనే లేడు.

తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను. సుధాకర్ సార్ గోదావరిఖనిలో ఇరవై ఏళ్లు వకీలు. పదిహేనేళ్లుగా నేను ఆయన గుమస్తాను. పదో తరగతి తప్పినవాణ్ణి. ఈ వాక్యాలు తిన్నగా ఉన్నాయంటే, ఆయన బల్ల ముందు దిద్దించుకున్నందుకే.

గని ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న లచ్చవ్వ, కమాన్‌పూర్ నుంచి మొదటిసారి కోర్టుకు వచ్చిన రోజు గుర్తుంది. జడ్జిగారు రాగానే అందరితో పాటు లేచింది. మళ్లీ కూర్చోవడానికి భయపడి అలాగే నిలబడింది.

సార్ వంగి చెవిలో చెప్పారు:

"అవ్వా, నువ్వు కూసో. నిలబడేది నా డ్యూటీ."

ఆ మనిషి మూడేళ్ల కిందట తాగుడులో పడ్డాడు. మొదట సాయంత్రాలు. తర్వాత పొద్దున్నే, కోటు వేసుకునే ముందు. రోజుల తరబడి గది తలుపు తీసేవారు కాదు.

మన వకీళ్లందరికీ తెలుసు.

ఏం చేయాలో కూడా తెలుసు. కక్షిదారులకు నిజం చెప్పాలి. కేసులు మరొకరికి అప్పగించాలి. అన్నిటికంటే ముందు మనిషిని డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. చట్టం చదివినవాళ్లకు ఒక గుమస్తా చెప్పాలా?

మనం చేసిందేమిటి? వంతులు వేసుకుని, ఆయన బదులు లేచి, అబద్ధం చెప్పాం. దానికి స్నేహమని పేరు పెట్టుకున్నాం.

ఆ అబద్ధాల పట్టిక కేసుల డైరీలో రాసింది నేనే. ఒకే కోర్టులో ఒకే నెలలో ఒకే కారణం రెండుసార్లు రాకుండా జాగ్రత్తపడ్డాను. జ్వరం. హైకోర్టు పని. మరదలి పెళ్లి. నడుంనొప్పి.

ఒకరోజు సారే అడిగారు.

"మల్లేశం, ఒక్కసారి నిజం చెప్పియ్యి. గప్పుడన్న నేను దవాఖానకు పోత."

"ఊకోండ్రి సార్, ఇజ్జత్ పోతది."

ఆ రోజు డైరీలో కారణం: పంటినొప్పి.

లచ్చవ్వ కేసు ఏడుసార్లు వాయిదా పడింది. ఎనిమిదోసారి ఆమె వరండాలో, నల్లకోట్ల మధ్య నిలబడి అడిగింది:

"గనిల గాలి ఆడక ఒకడు పడిపోతే పక్కోడు మోసుకొని పైకి తెస్తడు బిడ్డా. మీరేంది, ఆ సారును అండ్లనే ఇడిసిపెట్టి, పైకొచ్చి మంచిగున్నడంటున్రు?"

"అవ్వా, నువ్వు గూడ కోటేసుకోరాదు? మాకంటె మంచిగ వాదిస్తున్నవ్!" అన్నాడొక వకీలు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రేపు సంతాప సభ. రెండు నిమిషాల మౌనమట. మూడేళ్లు పాటించిన మౌనం చాల్లేదా?

"మంచోడే, ఏం జేస్తం, అలవాటు" అని పోస్టులు పెడుతున్న పెద్దమనుషులారా, మీలో ఒకరు నిన్న సార్ శవం ఇంకా లోపలుండగా దవాఖాన గేటు దగ్గరే నన్ను అడిగారు, ఆయన కేసులు ఎవరికి ఇస్తున్నావని.

మూడేళ్ల డైరీలు రేపు సభలో బల్ల మీద పెడతాను. ఎవరెవరు ఎన్నిసార్లు లేచి ఏమేం చెప్పారో తేదీలతో సహా ఉంది. ఎవరి పేరు వాళ్లు వెతుక్కోండి. నా చేతిరాత ప్రతి పేజీలో ఉంది, నన్ను వెతకక్కర్లేదు.

ఇంకొక మాట. మనలో ఇంకొక వకీలు దగ్గర ఈ మధ్య పొద్దున్నే వాసన వస్తోంది. పేరు రాయను. మీకూ తెలుసు. ఆయన కోసం నన్ను కారణం రాసిమ్మని అడగకండి. సోమవారం ఉదయం ఆయన ఇంటికి పోతున్నాను, దవాఖానకు తోలుకుపోవడానికి. రాగలిగినవాళ్లు రండి.

లచ్చవ్వకు నిజం చెప్పాను. తిట్టింది. తర్వాత ఏడ్చింది.

సార్, మీరు ఇగ కూసోండ్రి. నిలబడేది మా డ్యూటీ.

మీ మనసుకు ఇప్పటికైనా నెమ్మది దొరకాలి.