గది చూపించడం

లోరెట్టా పెల్కీ కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. అమెరికాలోని డులూత్‌లో ఓ చిన్న కాలేజీకి ఆన్‌లైన్ చదువుల భద్రత చూస్తుంది. కాఫీకి లేస్తే కంప్యూటర్‌కి తాళం వేస్తుంది, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి చూసుకుంటుంది. పనిలేనప్పుడు కెమెరా కన్నుకు బ్యాండేజీ ముక్క అతికిస్తుంది. ఇంటి నుంచి రాసే పరీక్షకు ముందు, కాపీకి వీల్లేదని తెలిసేలా, విద్యార్థులు కెమెరా తిప్పి గదంతా చూపించాలని కాలేజీ నియమం. నిన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మాది ఒకటే గదండీ. మా నాన్న మంచం మీదే ఉంటాడు, డైపర్‌తో. ఆయన్నెలా చూపించను? రేపే పరీక్ష."

వీడియో సమావేశంలో లోరెట్టా ఈ సంగతి చెప్పింది, కుర్చీని అటూ ఇటూ తిప్పుతూనే. కాలేజీ డీన్ ఓడెగార్డ్ నవ్వాడు. "కాపీ కొట్టేవాళ్ళు ఇలాంటివి చాలా చెబుతారు లోరెట్టా. దాచేదేం లేనప్పుడు చూపిస్తే ఏం పోతుంది?" తెర మీద అందరూ వెనక ఇల్లు కనబడకుండా మసక పెట్టుకుని కూర్చున్నారు. లోరెట్టా కుర్చీ ఆగింది. "అయితే ముందు మీరు ఆ మసక తీసి, మీ గది ఓసారి తిప్పి చూపించండి." డీన్ భుజం మీదుగా వెనక్కి చూసుకున్నాడు.

"ఇవాళ ఇల్లు సర్దలేదు," అన్నాడు.