ఖాసిం తాత కొయ్యనివ్వని పుంజు

యాప్రాల్‌లో మా అమ్మాయి ఇంటి దారిలో కోళ్ల దాణా అమ్మే దుకాణం ఒకటుంది. మొన్న దాని ముందు ఆటో ఆగినప్పుడు ఎండు ఉసిరి, మొలకెత్తిన గింజల పుల్లటి వాసన ముక్కుకు తగిలి, నన్ను నిజాం మీద పోలీసు యాక్షన్ జరిగిన ఏటి వేసవిలోకి లాక్కుపోయింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బెజవాడ వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం మాది. నాన్న మిషన్ బడిలో టీచరు, అమ్మ పెరట్లో ఆరు పెట్టల్నీ ఒక ఎర్ర పుంజునీ సాకేది. రజాకార్లు వస్తున్నారని పుకారు పుట్టిన ప్రతిసారీ వీధంతా తలుపులు మూసుకునేది. మేమూ మిట్టమధ్యాహ్నం గడియ పెట్టుకుని, తడిపి వేలాడదీసిన గోనెపట్టాల చల్లదనంలో ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు కొరుక్కుంటూ, రాళ్లు చప్పుడు కాకుండా దుప్పటి పరుచుకుని అచ్చనగాయలాడేవాళ్లం. పెరట్లో పుంజు రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి రొప్పుతూ ఉండేది.

ఆ ఎండల్లో రెండు పెట్టల్ని పొదగేస్తే ఒక్క పిల్లా రాలేదు, గుడ్లన్నీ మురిగిపోయాయి. "ఇక పుంజు పనికిరాదు, కూర చేసెయ్" అన్నాడు నాన్న.

గోడకవతల ఉండే ఖాసిం తాత ఆ మాట విన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఎవరో జాగీర్దారు కోళ్లను సాకినవాడు. "కొయ్యకుండ్రమ్మా. ఎండకు దాని తాకత్ పోయింది, గంతే. జెర నీడకుంచి నేను జెప్పిన మేత పెట్టుండ్రి" అని, మొలకెత్తిన గోధుమలు, ఎండు ఉసిరి పొడి, చల్లటి కుండనీళ్లు తనే మూడు వారాలు పొద్దూమాపూ గోడ మీదుగా అందించాడు.

అమ్మ మళ్లీ ఒక పెట్టను పొదగేసింది. వారం తిరిగాక, వీధిలో ఎవరో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు వింటూ, మూసిన తలుపు కంతలోంచి పడే ఎండపోచకు ఒక గుడ్డును అడ్డం పెట్టింది. లోపల సన్నటి ఎర్ర నరాలు, నడుమ చుక్క. సరిగ్గా అప్పుడే తలుపు దబదబా మోగింది. నేను అమ్మ కొంగులో మొహం దాచుకున్నాను. వచ్చింది నాన్న.

"రేపు పొద్దున్నే బెజవాడ రైలు. సామాను సర్దు."

"గుడ్లు పిల్లకట్టాయండీ. ఇంకో రెండు వారాలు..."

"పిల్ల ప్రాణంకంటే గుడ్లెక్కువా?"

తెల్లారాక అమ్మ గుడ్లతో సహా పెట్టను గంపలో పెట్టి, మిగతా కోళ్లతో పాటు ఖాసిం తాతకు అందించింది. "పైలంగ పోయిరాండ్రి. ఇవన్నీ నా జిమ్మ" అన్నాడాయన.

పోలీసు యాక్షన్ అయ్యాక తిరిగొచ్చాం. ఖాసిం తాత ఇంటికి తాళం ఉంది. అమ్మ పిలుస్తూనే ఉంది. ఎదురింటి పాల ఎల్లమ్మ మా పెట్టల్నీ, ఎదిగిన తొమ్మిది కోడిపిల్లల్నీ, వాటి వెనకే ఎర్ర పుంజునీ తోలుకొచ్చింది.

"మిలిట్రీ వచ్చినంక సాయిబులను పట్టుకపోతుండ్రని భయపడి పెండ్లాంతోని యాడికో పోయిండమ్మా. టీచరమ్మ వచ్చేదాంక ఒక్కదాన్ని సుత కొయ్యొద్దని నాతోని ఒట్టేయించుకుండు."

అమ్మ గడపలోనే కూలబడి ఏడ్చింది. నాన్న చాలా ఏళ్లు మసీదు దగ్గరా స్టేషన్‌లోనూ ఆయన కోసం వాకబు చేశాడు.

ఇప్పుడా వీధి నిండా అపార్ట్‌మెంట్లు. పెరళ్లు లేవు, అవతలి మనిషి మొహం కనిపించేంత పొట్టి గోడలూ లేవు. అమ్మా నాన్నా పోయారు, ఎల్లమ్మా పోయింది. ఖాసిం తాత ఏ ఊళ్లో తలదాచుకున్నాడో, అసలు ఏ ఊరైనా చేరాడో లేదో, అడుగుదామంటే ఆయన పేరు తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.