అందరికీ ఒకటే లాగిన్

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదు. తెలియకపోవడాన్నే తెలివి అనుకునేదాన్ని. తమిళ సీమలో మా ఊరు సేత్తూరు నుంచి బస్సెక్కి, రాజపాళయంలో బ్యాండేజ్ గుడ్డ అమ్మే కొట్టుపై మేడలో ఉన్న చిన్న ఆఫీసుకు వెళ్ళేదాన్ని. సి భాషలో రాసిన ఒక లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ కట్ట) సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టు ప్రోగ్రాములు రాయడం నా పని. మూడు నెలల ట్రయల్‌కు నేను చెప్పబోయే రోజే ఆఖరు. నా చివరి టెస్టు పాసైతే ఉద్యోగం ఖాయం, లేకపోతే (నాయన ముందే తేల్చి చెప్పారు) మామ నూలు మిల్లులో కూర్చోవాలి. మామ మంచివాడే, కానీ రోజంతా సలహాలిస్తాడు.

నాకిచ్చిన చివరి పని సిగ్నళ్ళు. నడుస్తున్న ప్రోగ్రాముకు 'ఇక ఆగిపో' అని కబురు వస్తే, అది చేతిలో ఉన్న పనిని భద్రంగా దాచి మరీ ఆగాలి. అలా దాచేలా చూసేదే మా లైబ్రరీ. నా టెస్టు ఒక పిల్ల ప్రోగ్రామును పుట్టించి, దాని నంబరు తీసుకుని, ఆ నంబరుకు కబురు పంపుతుంది. పది పిల్లలతో పాసైంది. వందతో పాసైంది. నేను గాల్లో తేలిపోయాను. పదివేలు అని కొట్టి, పక్క సీటు అక్కకు "చూడక్కా" అని చెప్పి మరీ ఎంటర్ నొక్కాను.

మరుక్షణం అక్క స్క్రీన్ మీద తెరిచినవన్నీ మాయమయ్యాయి. నావీ అంతే, వెనకాల ఇద్దరు అన్నలవీ అంతే. లోపలి గదిలో కస్టమర్‌కు మా లైబ్రరీ డెమో చూపిస్తున్న మా ఓనరు సార్ బయటికి వచ్చారు.

"ఏమే, కరెంటు పోయినాదా?" అంది అక్క. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"యూపీఎస్ మెకానిక్ నిన్ననే వచ్చి పోయినాడు. ఏమో చెడగొట్టి పెట్టినాడు, ఉండు, వాణ్ణి అడుగుతా" అని సార్ ఫోన్ తీశారు.

నాకు అప్పటికే విషయం తెలిసిపోయింది. పట్టలేనన్ని పిల్లల్ని అడిగితే యంత్రం 'కుదరదు' అనడానికి మైనస్ ఒకటి అని జవాబిస్తుంది. నేను దాన్నీ పిల్ల నంబరే అనుకుని కబురు పంపేశాను. మైనస్ ఒకటికి పంపితే ఆ లాగిన్‌లో నడిచేవాటన్నిటికీ వెళుతుంది. మా సర్వర్ మీద (పాస్‌వర్డులు గుర్తుండవని) ఆఫీసు మొత్తానికి ఒకటే లాగిన్. నోరు మూసుకుంటే ఉద్యోగం దక్కుతుంది, తిట్లు మెకానిక్ తింటాడు. అవతల ఫోన్ మోగుతోంది.

"సార్, ఆ మెకానిక్ అన్న మీద తప్పు లేదు. నేనే అందరినీ ఆపేసినా."

"అందరినీ అంటే?"

"మీ డెమో కూడా సార్."

సార్ ఫోన్ కట్ చేసి లోపలికి వెళ్ళారు. "అయ్యో, సేవ్ చెయ్యలేదే" అని అక్క తల పట్టుకుంది. మామ మిల్లులో నా కుర్చీ నాకు కళ్ళకు కట్టింది. కాసేపటికి లోపలికి పిలుపొచ్చింది. డెమో మళ్ళీ తెరిస్తే, కస్టమర్ టైపు చేసినదంతా చివరి అక్షరం దాకా పదిలంగా ఉంది. ఆఫీసు మొత్తంలో పద్ధతిగా సర్దుకుని ఆగింది మా లైబ్రరీ వాడిన అదొక్కటే. చెప్పకుండా ఆపి చూపించడం సూపర్ అని కస్టమర్ తమిళంలో తెగ మెచ్చుకుంటున్నాడు. సార్ కాదనలేదు (నేనూ అనలేదు).

"నీకు వేలై ఉండాదమ్మా, ఉద్యోగం ఖాయం" అన్నారు సార్, కస్టమర్ వెళ్ళాక. "రేపటినుంచి మనిషికొక లాగిన్. అక్కకు పోయినదంతా పక్కన కూచుని టైపు చేసి ఇచ్చిపో."

ఆ సాయంత్రం టైపు చేస్తూ ఎంత నవ్వానో, అక్క ఎన్ని మొట్టికాయలు వేసిందో.

ఇప్పుడు కొత్తవాళ్ళ కోడ్ చూసేది నేనే. ఎంటర్ నొక్కేముందు మూడుసార్లు చదువుతాను, నాలుగోసారి ఇంకొకరిచేత చదివిస్తాను. ఆనాటి నన్ను ఇంటర్వ్యూకి పంపితే ఉద్యోగం ఇవ్వను, ఒట్టు. కాకపోతే టీ ఇప్పించి ఇంకాసేపు కూర్చోబెట్టుకుంటాను, అంత సంతోషంగా పని చేయడం ఎలాగో అడిగి తెలుసుకుందామని.