మూడో రోజు పచ్చడి

మాచర్ల నాపరాళ్ళు లారీలెక్కి దేశమంతా పోతాయి గానీ, ఒకటి మాత్రం దారి తప్పి నా కడుపులో ఉండిపోయిందని మొన్న నరసరావుపేట డాక్టరు ఫోటో తీసి మరీ చూపించాడు. ఎడమ పక్క మూత్రపిండంలో, శనగబద్దంత. నాలుగో తరగతిలోనే పలకా బలపం బడిలో వదిలేసి పారిపోయి వచ్చినవాణ్ణి, ఇన్నేళ్ళకు నా లోపల నేనే బలపం తయారుచేసుకుంటున్నానని తెలిసి కాస్త గర్వంగానే అనిపించింది. ఆ మాటే డాక్టరుతో అంటే నవ్వలేదు. చిన్నవాడు, ఇంకా చదివిన చదువు దిగలేదు. "మూడు నెలలు గోంగూర ముట్టుకోవద్దు తాతగారూ, ఆ తర్వాత చూద్దాం" అన్నాడు. ఇంటికొచ్చి కోడలితో చెప్పాను: ఈ మూడు నెలలూ నా కంచంలో గోంగూర వెయ్యొద్దు, కానీ రేపు పొద్దున్నే మంచి ఆకు తెప్పించి జాడీడు నిల్వ పచ్చడి పెట్టు. "తిననప్పుడు పచ్చడెందుకు మామయ్యా, ఎదురుగా పెట్టుకుని చూట్టానికా?" అంది. అవును, చూట్టానికే. అందులో ఉన్న కిటుకు నాకు తెలిసింది గోంగూర పేరు కూడా ఎరగని దేశంలో. అది చెప్పాలంటే పెద్ద యుద్ధం నాటికి, సముద్రం అవతలికి పోవాలి.

అప్పట్లో నేను నరసరావుపేట నుంచి మాచర్ల పోయే బొగ్గు బస్సుకు క్లీనర్ని. పెట్రోలు దొరక్క బస్సులకు వెనకాల పెద్ద బొగ్గు పొయ్యి తగిలించి నడిపే రోజులు. ఆ పొయ్యికి గాలి విసిరి విసిరి నేను సగం బస్సు, సగం కమ్మరి లాగా ఉండేవాణ్ణి. బస్సు రోజు విడిచి రోజు చెడిపోయేది. చెడిపోయినప్పుడల్లా షెడ్డులో దాని కిందకు దూరే మెకానిక్కును నేను బావ అనేవాణ్ణి, ఆయనా నన్ను బావ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళు ముస్లింలు, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. మేము నాదెండ్ల వైపు నుంచి వచ్చి వాళ్ళ పక్కవాటాలో అద్దెకున్న రైతుబిడ్డలం. గోడ ఒకటే కావడం వల్ల వరసలు కలిశాయి. వాళ్ళమ్మ నాకు అత్త. ఇద్దరం లాగుల వయసు నుంచీ కలిసి పెరిగాం, కలిసి తన్నులు తిన్నాం, ముఖ్యంగా ఒకదాని కోసం కొట్టుకుచచ్చాం.

ఆ ఒకటీ ఏమిటంటే రోటి ముద్ద. అత్త పచ్చడి నూరి జాడీకి ఎత్తాక, రోటికి అంటుకుపోయినదాన్ని ఊరికే కడిగెయ్యదు. పొగలు కక్కే అన్నం రెండు గుప్పిళ్ళు రోట్లో పోసి, చుట్టూ తుడిచి, ముద్ద చేసి, దగ్గరున్న వాడి చేతిలో పెడుతుంది. దగ్గరుండేది ఎప్పుడూ మేమిద్దరమే. ఎవరి వంతో తేలక ఒకసారి బావ నా బొటనవేలు కొరికాడు, మచ్చ ఇప్పటికీ ఉంది. జాడీలో పచ్చడి జోలికి మాత్రం ఎవ్వరం పోకూడదు. మూడో రోజుకు గాని ఆవిడ మూత తీసేది కాదు. "మొదటి రోజు పులుపూ కారం తిట్టుకుంటయ్యిరా. రెండో రోజు అలిగి అటొకటి ఇటొకటి తిరిగి పడుకుంటయ్యి. మూడో రోజుకు గానీ కాపరం చెయ్యవు" అనేది. మా మామగారితో ఆవిడ కాపరం చూసి చెబుతోందో, గోంగూర చూసి చెబుతోందో మాకు తెలిసేది కాదు.

మిలటరీకి లారీ తోలేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ కావాలని, రోజూ మాంసం పెడతారని షెడ్డులో ఎవడో చెప్పాడు. మాంసం మాట నిజమో కాదో కనుక్కునేలోపే ఇద్దరం వేలిముద్రలు వేసి వచ్చాం. బావకు సంతకం వచ్చు, నాకు తోడుగా వేలిముద్ర వేశాడు. రైలెక్కే రోజు అత్త ఏడవలేదు. గుడ్డసంచీడు ఎండుమిరపకాయలు నా చేతిలో పెట్టి, "వాడు తిండి దగ్గర మొండోడు. నువ్వు తినేదాంట్లో వాడికి పెట్టు. వాణ్ణి నీకు అప్పజెప్తన్నా" అంది. ఆవిడ ఆ సంచి కొడుకు చేతిలో పెట్టకుండా నా చేతిలో ఎందుకు పెట్టిందో అప్పుడు ఆలోచించలేదు. మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ కూర్చున్నాను.

మమ్మల్ని దించింది ఈజిప్టులో, ఓడలు పోయే కాలువ ఒడ్డున. ఇసక, ఇంకా ఇసక, మధ్యలో మా లారీలు. తిండికి కొదవలేదు, ఆ మాట అంటే కళ్ళు పోతాయి. పప్పు, రొట్టె, డబ్బాల్లో చేప, ఆలుగడ్డ. అన్నీ ఉండేవి, నాలుక మీద మాత్రం ఏమీ ఉండేది కాదు. మొదటి నెల మా మాచర్ల చంద్రవంక వాగు దాటి వచ్చామని పొంగిపోయాం. రెండో నెల నుంచి రోగం పట్టుకుంది. సాయంత్రం లారీ నీడన కూర్చుని మిగతావాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళను తలుచుకుంటుంటే, మేమిద్దరం పచ్చళ్ళను తలుచుకునేవాళ్ళం. బావ కళ్ళు మూసుకుని మెంతులు వేగే దగ్గర నుంచి మొదలుపెట్టేవాడు. ఉల్లిపాయ ముక్క కొరికే దాకా వచ్చేసరికి నేను లేచి చెయ్యి కడుక్కునేవాణ్ణి. ఎక్కడ పచ్చగా ఆకు కనపడినా తుంచి నమలడం అలవాటైంది నాకు. ద్రాక్షాకు నమిలాను, ఒంటెల ముందు వేసిన మేత నమిలాను, ఒక అధికారి గుమ్మం ముందు పెంచుకునే పూలమొక్క నమిలి మూడు రోజులు పెదాలు వాచి తిరిగాను. పంజాబీ వాళ్ళు నాకు బకరీ అని పేరు పెట్టారు. బావ దానికి తెలుగులో మేక అని అర్థం చెప్పి, మళ్ళీ అడ్డంగా నవ్వేవాడు.

ఆ నవ్వు రెండో ఏడు ఆగిపోయింది. చలిజ్వరం వచ్చి గుడారాల ఆసుపత్రిలో పడుకోబెట్టారు. క్వినైను పోసి పోసి జ్వరం దించారు గానీ, నోరు చచ్చిపోయింది. చేదు తప్ప ఇంకేమీ తెలియడంలేదన్నాడు. గంజి పోస్తే కక్కాడు, పాలు పోస్తే మొహం తిప్పాడు. వారం దాటింది. షెడ్డులో ఇంజను ఒంటి చేత్తో ఎత్తే మనిషి, దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియకుండా అయ్యాడు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, మందులతో అయ్యేదంతా అయిపోయింది, ఇక ఏదో ఒకటి కడుపులోకి పోతేనే మనిషి దక్కుతాడు, ఏది తింటానంటే అది పెట్టండి అన్నాడు. ఏం తింటావు బావా అని చెవిలో అడిగాను. "గోంగూర" అన్నాడు. ఆకాశంలో చందమామను అడిగినా నిచ్చెన వెతికేవాణ్ణి. గోంగూర ఎక్కడ తెచ్చేది? ఆ రోజు లారీ తోలుతూ, అత్తకు ఏమని ఉత్తరం రాయించాలా అని ఒకటే ఆలోచన. రాయించేది ఎవరి చేత? నాకు ఉత్తరాలు రాసిపెట్టేది బావే.

దారిలో ఒక ముసలాయన టీ దుకాణం ఉంది. నల్లగా, తెల్లటి పొడుగు చొక్కాతో, దక్షిణాన ఎక్కడో నది ఎగువ ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. టీ అయిపోయిందని చెప్పి, ఆ రోజు గాజు గ్లాసులో ఎర్రటిదేదో చల్లగా పోసి ఇచ్చాడు. పంచదార బాగా దట్టించాడు. కానీ పంచదార కింద ఒక పులుపు ఉంది. అది నాలుక చివర కాదు, దవడల వెనక పట్టుకుంది. నాకు దవడలు లాగాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇది నేను ఎరిగిన పులుపు. ఇది మా ఇంటి పులుపు. గ్లాసు చూపించి, ఏంది ఇది, ఎక్కడిది అని వచ్చిన నాలుగు భాషల్లో అడిగాను. ఆయన నన్ను దుకాణం వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ నీళ్ళ తొట్టి పక్కన వరసగా, ఛాతీ ఎత్తున, ఎర్ర కాడలతో, ఎర్ర పూల తొడిమలతో నిలబడి ఉంది గోంగూర.

నేను కింద కూర్చుండిపోయాను. ఎండదెబ్బ అనుకుని ముసలాయన నెత్తిన నీళ్ళు పోశాడు. ఆయన ఆ మొక్కలు పెంచేది పూల తొడిమల కోసం. వాటిని ఎండబెట్టి, కాచి, పంచదార కలిపి అమ్ముతాడు. మరి ఆకు? ఆకు మేకలకు వేస్తాడు! బంగారం కరిగించి కుంకుడుకాయలకు అమ్మేవాణ్ణి చూసినట్టు చూశాను ఆయన్ని. ఆకు కావాలని సైగ చేస్తే, నీకు మేకలున్నాయా అని తిరిగి సైగ చేశాడు. ఉన్నాయన్నాను. ఎన్ని? రెండు వేళ్ళు చూపించాను. పాపం, ఒక మేకకు ఒంట్లో బాగాలేదని పడుకుని చూపించాను. ఆయన గుడారంగుడ్డ నిండా ఆకు కోసి కట్టి ఇచ్చి, డబ్బు వద్దని, జబ్బు మేక మెడ మీద దువ్వమని చెప్పి పంపాడు.

ముదిరిన ఆకు తీసేసి లేతది ఏరాను. ఆసుపత్రి వంటవాడు అరవాయన, సంగతి చెబితే పొయ్యి ఖాళీ చేసి ఇచ్చాడు. అత్త ఇచ్చిన సంచిలో అడుగున మిగిలిన మిరపకాయలు దులిపాను. ఆ దేశపు పత్తిగింజల నూనెలో ఆకు మగ్గించాను. రోలు లేదు, ఎనామిల్ బేసిను ఉంది. రోకలి లేదు, బావ సుత్తికున్న పిడి ఉంది, ఉడకబెట్టిన నీళ్ళలో కడిగాను. గుడారం పక్కనే కూర్చుని, వెల్లుల్లీ ఉప్పూ వేసి నూరాను. గాజు సీసాకు ఎత్తి, ఒక కంచంలో వేడన్నం పెట్టుకుని, పెళ్ళికొడుకు లాగా లోపలికి పోయాను. బావ సీసా వైపు చూశాడు. వారం రోజులకు మొదటిసారి ముక్కు పుటాలు కదిలాయి.

"ఎప్పుడు నూరావు?" అన్నాడు.

"ఇప్పుడే బావా. వేడివేడిగా ఉంది."

"మూత పెట్టు. మూడో రోజు తింటా."

వేళాకోళం అనుకున్నాను. కాదు. మొహం గోడ వైపు, అంటే గుడ్డ వైపు, తిప్పుకున్నాడు. "ఊరని పచ్చడి తింటే మా అమ్మ ఊరుకోదు" అన్నాడు. నేను బతిమాలాను, తిట్టాను. "మీ అమ్మ సముద్రం అవతల ఉంది రా! మూడో రోజు దాకా నువ్వుండొద్దూ?" అని నోరు జారాను కూడా. ఆ మాటకూ కదల్లేదు. కంచం అక్కడే పెట్టేస్తే ఈగలు వచ్చాయి. కంచం తీసుకుని బయటికొచ్చి బేసిను దగ్గర చతికిలబడ్డాను. ఏడుపు వస్తోంది, చెయ్యి మాత్రం దాని అలవాటు అది మానలేదు. ఆ అన్నం బేసినులో గుమ్మరించి, అంటుకున్న పచ్చడంతా చుట్టూ తుడిచి, ముద్ద చేసింది. బేసిను మీద చెయ్యి రాసుకునే చప్పుడు గుడారం లోపలికి పోయినట్టుంది.

"ఒరేయ్ బావా, ఏం చేస్తన్నావు?"

"బేసిను కడుగుతన్నా."

"నాకు తెలవదా ఆ చప్పుడు? రోటి ముద్ద ఒక్కడివే మింగుతన్నావా?"

"నువ్వు తిననన్నావుగా."

"తిననంది జాడీలోది. ఇది పచ్చడా? పోయినసారి నువ్వు తిన్నావు. ఈసారి నా వంతు. తే ఇటు!"

పోయినసారి అంటే ఎప్పటిదో, నాకు గుర్తు లేదు, ఆయనకు ఉంది. బేసినుతో సహా లోపలికి పరిగెత్తాను. ముద్ద నోట్లో పెట్టబోతే, మోచేతి మీద లేచి నా చెయ్యి పట్టుకుని లాక్కున్నాడు. చిన్నప్పటి వేగం లేదు గానీ చిన్నప్పటి దుర్మార్గం అంతా ఉంది. మొదటి ముద్ద మింగి కళ్ళు మూసుకున్నాడు. కక్కుతాడేమోనని బేసిను గడ్డం కింద పట్టుకుని నిలబడ్డాను. కక్కలేదు. కళ్ళు తెరిచి, "ఇంకుందా?" అన్నాడు. బేసిను అంచులు మళ్ళీ తుడిచి ఇంకో ముద్ద చేశాను. ఆ సాయంత్రం గంజి తాగాడు. మర్నాడు పప్పన్నం అడిగాడు, మధ్యమధ్యలో సీసా వైపు చూసి, పులుపూ కారం అలిగి పడుకున్నయ్యా అని అడిగేవాడు. మూడో రోజు నేను మూత తీస్తే, దిండుకు ఆనుకుని కూర్చుని, ఇంత నాలుక మీద వేసుకుని, పెద్ద మనిషి లాగా చప్పరించి, "ఉప్పు తక్కువైందిరా" అన్నాడు. పైగా వేళ్ళు వాసన చూసుకుని, "నా సుత్తి పిడి వాడావు కదూ" అని తగువు పెట్టుకున్నాడు. జీవితంలో అంత తియ్యటి తిట్టు మళ్ళీ తినలేదు.

యుద్ధం అయిపోయి ఇద్దరం నరసరావుపేటలో రైలు దిగాం. ఇంటికి పోయేసరికి అత్త అప్పటికే రోలు ముందు కూర్చుని ఉంది. కథంతా చెప్పాను. కాస్త ఉప్పూ కారం కలిపే చెప్పాను, ముసలాయన మేకల సంగతికి ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి నా గొప్ప నేను చెప్పుకోవాలి కదా. "నీ కొడుకు మొండితనానికి నా ప్రాణం పోయింది అత్తా. చావుబతుకుల్లో ఉండి మూడో రోజు దాకా ఆగుతానంటాడే! ఈలోపు పోతే నేను నీకు మొహం ఎట్టా చూపించేవాణ్ణి?" అన్నాను. ఆవిడ రోట్లో వేడన్నం పోసి, నిదానంగా చుట్టూ తుడిచి, ముద్ద చేసి, ఈసారి బావను కాదని నా చేతిలో పెట్టింది.

"ఎర్రోడా, చచ్చేటోడికి తొందరుంటది గానీ, మూడో రోజు పచ్చడి కోసం కాసుక్కూచ్చున్నోడు రెండో రోజు ఎట్టా చస్తాడురా?"